గోపన్‌పల్లి కంచకు నేను పెట్టిన ఎత్వం

ముప్ఫై మూడేళ్లు నేను రంగు పెన్సిళ్లతో బతికాను. ప్లానింగ్ ఆఫీసులో ఉద్యోగమని చెబితే బయటివాళ్లు మేమేదో బిల్డింగులు కడతామనుకునేవారు. మా మామగారైతే చివరిదాకా నన్ను ఇంజినీరుగానే పరిచయం చేశారు. కాదని చెప్పి చెప్పి విసిగి నేనూ ఊరుకున్నాను. మేము ఏదీ కట్టలేదు. ఎక్కడ ఏది కట్టొచ్చో, ఎక్కడ ఏదీ కట్టకూడదో కాగితం మీద రంగు వేసి చెప్పేవాళ్లం. పసుపు వేస్తే ఇళ్లు, ఎరుపు వేస్తే దుకాణాలు, ఊదా వేస్తే కార్ఖానాలు, నీలం వేస్తే చెరువు. ఇంతే ఉద్యోగం. ఆ పెన్సిలు ముక్క ఎవరి బతుకు మీద పడుతుందో తెలియడానికి మాత్రం నాకు పదేళ్లు పట్టింది.

ఈ మధ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు మణికొండలో మా ఫ్లాటుకు వస్తున్నారు. నేను ఒకప్పుడు జొన్నచేను అని రాసుకున్న చోటే ఇప్పుడు మా లిఫ్టు ఉందంటే వాళ్లు నమ్మరు. "శాటిలైట్ ఫోటోలు లేకుండా ఎలా చేశారండీ?" అని అడుగుతారు. నడిచి చేశామంటే నవ్వుతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఎంత బాగా చేశామో చెప్పుకుంటే నాకు హాయిగా ఉంటుంది గానీ వాళ్లకేం లాభం? అందుకని తప్పు చేసిన సంగతి చెబుతాను.

అసలు తెలుగు మాదేనని

మాది పొన్నూరు దగ్గర పల్లె. అరవయ్యో దశకం చివర్లో హైదరాబాదు వచ్చి ఈ ఉద్యోగంలో చేరాను. అవి మా వైపు వాళ్లను చూస్తే ఇక్కడి వాళ్లు ముఖం చిట్లించుకునే రోజులు. తప్పు వాళ్లదని అప్పుడు గట్టిగా నమ్మేవాణ్ని. ఇప్పుడు అంత నమ్మకం లేదు. మా గదిలో నలుగురం కోస్తా కుర్రాళ్లం ఉండేవాళ్లం. సాయంత్రం అన్నం తింటూ ఇక్కడి మాటలు అనుకరించి పడీ పడీ నవ్వుకునేవాళ్లం. అసలు తెలుగు మాదేననీ, వీళ్లు దాన్ని పాడుచేస్తున్నారనీ మా ధీమా. ఆ ధీమా ఖరీదు ఎంతో ముందుముందు మీకే తెలుస్తుంది.

నగరం పడమటి వైపు పెరుగుతుందని పైవాళ్లు తేల్చారు. నానక్‌రామ్‌గూడ, మణికొండ, గోపన్‌పల్లి లాంటి ఊళ్లను మొదటిసారి నగర ప్లాన్‌లోకి తెస్తున్నారు. అప్పుడక్కడ ఏముందని? బండరాళ్లు, సీతాఫలం పొదలు, మధ్య మధ్య జొన్న చేలు. ఏ భూమిని దేనికి వాడుతున్నారో ఊరూరా తిరిగి రాసుకు రావడం నా పని. లింగంపల్లిలో రైలు దిగేవాణ్ని. గొలుసు మోసే చైన్‌మన్ ఒకడు, చంకలో ఊరి నక్షా, చేతిలో ఫీల్డ్ బుక్కు. అక్కణ్నుంచి నడకే.

చెప్పులు చూసే సాబు

నా పై అధికారి నర్సింగరావు సాబు. శాలిబండలో పుట్టి పెరిగినాయన, ఉర్దూ మీడియం. తెలుగు మాట్లాడుతుంటే సగం ఉర్దూ దొర్లేది. నా పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. రిటైరయ్యేదాకా నన్ను "గుంటూర్" అనే పిలిచారు.

ఊళ్లు తిరిగి రాగానే నక్షా తీసి ఆయన బల్ల మీద పరవబోయేవాణ్ని.

"నక్షా తర్వాత. ముందుగాల చెప్పులు చూపియ్యి."

నిజంగానే చెప్పులు విప్పించి అడుగు భాగం తిప్పి చూసేవారు. పల్లేరుకాయలు గుచ్చుకుని ఉంటే సరే. శుభ్రంగా ఉంటే, "చాయ్ హోటల్ల గూసుండి గీసినవా?" అని అడిగేవారు. ఒకసారి నేను లింగంపల్లి స్టేషన్ బయట కావాలని ముళ్ల మీద నడిచి వచ్చాను. ఆయన ఒక ముల్లు పీకి చూసి, "గీ ముల్లు స్టేషన్ కాడిది. మణికొండల గిది మొలవది" అన్నారు. అది నిజమో, వట్టి బెదిరింపో ఇప్పటికీ తెలియదు. మళ్లీ మాత్రం ఆ పని చేయలేదు.

ఆయన నేర్పినవాటిలో నాకు బాగా గుర్తున్నది రోడ్డు సంగతి. మణికొండ పక్కనుంచి వంద అడుగుల రోడ్డొకటి స్కేలు పెట్టి తిన్నగా గీసి పట్టుకెళ్లాను.

"గింత సీదా ఎందుకుంది?"

"చూడ్డానికి బాగుంటుందని సార్."

"చూసేది ఎవలు? పిట్టలా?" అని, గీత మధ్యలో వేలు పెట్టారు. "గీడ వాగున్నది. వాన పడితె నీళ్లకు నీ నక్షా సదువొస్తదా?"

వాగు పక్కనుంచి రోడ్డు వంచి మళ్లీ గీశాను. గీత వంకరైందని నేను ముఖం ముడుచుకుంటే, పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో మాట చెప్పారు. రంగులకు జనం లొంగరు, రోడ్డుకు లొంగుతారు అని. పసుపు వేసినచోట ఇరవై ఏళ్లయినా ఇళ్లు రాకపోవచ్చు. రోడ్డు వేసి చూడండి, ఆకుపచ్చ వేసినచోట కూడా ఇళ్లు లేస్తాయి. ప్లాన్ అంటే రంగులని అనుకునే పిల్లలకు నేను ఈ మాటే చెబుతాను. ఊరు ఎటు పోవాలో తేల్చేది రోడ్డు గీత. ఆ గీత గీసే రోజున ఒళ్లు దగ్గర పెట్టుకోండి.

ఆ ఎత్వం

గోపన్‌పల్లి వెళ్లిన రోజు ఎండ మండిపోతోంది. ఊరి భూముల లెక్క ఉండే పహాణీ పుస్తకం పట్వారీ దగ్గర ఉంటుంది. ఆయనేమో తాళం వేసుకుని బంధువుల పెళ్లికి వెళ్లాడు. ఉన్నా నాకు ఒరిగేదేమీ లేదు. పాత పహాణీలు ఉర్దూలో ఉండేవి, నాకు అలీఫ్ కూడా రాదు. ఎదురైనవాళ్లను అడిగి రాసుకోవడమే దారి.

ఊరికి ఉత్తరాన పెద్ద మిట్ట. బండలు, గడ్డి, పొదలు. ఒకావిడ గొర్రెలు కాస్తోంది. పేరు మల్లవ్వ. కురుమ బీరయ్య భార్య. నలభై దాటి ఉంటాయి.

"ఈ నేల ఏమిటమ్మా? ఎవరిది?" అన్నాను.

"గిది కంచ సారూ."

"కంచా?"

"అవ్, కంచ."

పాపం, కంచె అనడం కూడా రాదు అనుకున్నాను. చుట్టూ చూశాను. కంచె ఎక్కడా కనిపించలేదు. అంత మిట్ట, ఏ మూలో ఉండి ఉంటుందిలే. ఎండలో చుట్టూ తిరిగే ఓపిక లేదు. ఆమె మాటను నేను దిద్ది, ముత్యాల్లాంటి అక్షరాలతో ఫీల్డ్ బుక్కులో రాశాను: "కంచె కలదు. ఖాళీ."

రెండు మాటలూ తప్పే. అవి ఎంత దూరం పోయాయో చూడండి. కంచె వేసి ఖాళీగా ఉంచారంటే ఎవరో ఆసామి కట్టడాల కోసం అట్టే పెట్టుకున్నాడని మా ఆఫీసు లెక్క. సాగు లేదు, రాతినేల, పక్కనుంచే కొత్త రోడ్డు పోతోంది. కార్ఖానాలకు ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? మిట్టకు మిట్ట ఊదారంగు వేశాం. వేసింది నేనే. అంచులు దాటకుండా చక్కగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

నువ్వు నిలవడ్డదే

ముసాయిదా ప్లాన్ ప్రకటించారు. పంచాయతీ గోడకు ఇంగ్లీషు నోటీసు అతికించారు. అభ్యంతరాలుంటే రెండు నెలల్లో రాసివ్వాలి. గోపన్‌పల్లి నుంచి ఒక్క కాగితం రాలేదు. జనం ఒప్పుకున్నట్టే అనుకున్నాం. ఆ నోటీసు చదవగలిగినవాడు ఊళ్లో ఒక్కడూ లేడన్న ఆలోచన మాకు రాలేదు.

గడువు ఇంకా పది రోజులుందనగా, రోడ్డు ఎక్కడ కలుస్తుందో చూద్దామని సాబు నన్ను వెంటబెట్టుకుని గోపన్‌పల్లి వచ్చారు. మిట్ట ఎక్కి చుట్టూ చూసి, "కంచె ఏడుందయ్యా గుంటూర్?" అన్నారు.

నేను వెతకడం మొదలుపెట్టాను. అటు పోయాను, ఇటు పోయాను. మల్లవ్వా బీరయ్యా గొర్రెలతో అక్కడే ఉన్నారు. ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, ఆ రోజు కంచె ఉందన్నావు కదా. ఏదీ?"

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. "నువ్వు నిలవడ్డదే కంచ సారూ."

"ఇది నేల కదమ్మా! కంచె... పొలం చుట్టూ ముళ్లతో వేస్తారే, అది."

"గది కంప. కంచ అంటే గొడ్లు, గొర్లు మేసే జాగ. ఊరందరిది. గింత సదువుకున్నవ్, గది తెల్వదా?"

సాబు నవ్వారు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి బండమీద కూలబడ్డారు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు. ఊదారంగు గుర్తొచ్చినట్టుంది.

"ఏమైంది సారూ?" అన్నాడు బీరయ్య.

"గీడ కార్ఖానలు వస్తయని రాసిండు మావోడు" అన్నారు సాబు, దాచకుండా.

"మరి మా గొర్లు?" అంది మల్లవ్వ. బీరయ్యే జవాబిచ్చాడు. "అమ్ముకునుడే ఇగ. గీ కంచ లేకుంటె ఊర్ల ఒక్క గొర్రె బతకది." ఆ మాట అతను కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. వాన రాదని చెప్పినంత మామూలుగా అన్నాడు.

నాది గాదు గనకనే

ప్రకటించిన ప్లాన్‌ను మా అంతట మేము మార్చకూడదు. ఎవరో ఒకరు అభ్యంతరం రాయాలి. తిరుగు దారిలో సాబు ఒక్కటే అన్నారు: "గల్తీ నీది. దరఖాస్తు వాళ్లది గావాలె." దరఖాస్తు ఎవరు రాస్తారని అడిగాను. "నాకు కనవడకుండ రాయి" అన్నారు. రాశాను. మర్నాడే గోపన్‌పల్లి వెళ్లి మల్లవ్వ వేలిముద్ర వేయించుకున్నాను.

విచారణ రోజు మల్లవ్వ ఒక్కతే వచ్చింది. గొర్రెలను వదిలి ఇద్దరూ రాలేరు కదా. బల్ల అవతల కమిటీ పెద్దలు ముగ్గురు. చైర్మన్‌ది మా వైపు ఊరే.

"ఈ భూమి నీదామ్మా?"

"కాదు సారూ."

"నీది కానప్పుడు నీకెందుకమ్మా అభ్యంతరం?"

"నాది గాదు గనకనే వచ్చిన సారూ. నాదే అయితె అమ్ముకొని ఇంట్ల గూసుందు."

ఒకాయన నవ్వు ఆపుకున్నాడు. చైర్మన్ మాత్రం నా ఫీల్డ్ బుక్కు తెరిచి, "కంచె ఉందని స్పష్టంగా రాసి ఉంది కదా. అంటే ఎవరిదో సొంత ఆస్తే. ఈ అభ్యంతరం కొట్టేయొచ్చు" అన్నారు. కలం మూత తీశారు కూడా.

నాకు అప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. పెళ్లై ఆరు నెలలు. తప్పుడు సర్వే చేశానని నా నోటితో చెబితే ఇంటికి పంపేయొచ్చు. సాబు వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మల్లవ్వ వైపు చూశాను. ఆమెకు జరుగుతున్నదేమిటో సగమే అర్థమవుతోంది. నేనున్నాను కదా అన్న భరోసాతో నావైపే చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక లేచాను గానీ నిజాయితీ పొంగుకొచ్చి కాదు.

"అయ్యా, ఆ ఎత్వం నాది" అన్నాను.

"ఏమిటీ?"

"ఆమె కంచ అంది. ఆమెకు పలకడం రాదనుకుని నేను ఎత్వం పెట్టి కంచె చేశాను. ఇక్కడ కంచ అంటే పశువులు మేసే భూమి. నాకు తెలియదు. అడగనూ లేదు."

అప్పుడు నర్సింగరావు సాబు తన సంచీలోంచి పాత పహాణీ పుస్తకం తీశారు. పట్వారీని పట్టుకుని ఎప్పుడో తెప్పించి పెట్టుకున్నారు! ఉర్దూలో ఉన్న వరస మీద వేలు పెట్టి చదివారు. సర్కారీ కంచ, ఊరి పశువుల మేతకు. ఊదారంగు తీసేయాలని కమిటీ అక్కడే రాసింది.

బయటికొచ్చాక ఉక్రోషం ఆపుకోలేక, "ఆ పుస్తకం ముందే తీయొచ్చు కదా సార్, నేను లేవాల్సిన పనే ఉండేది కాదు" అన్నాను.

"నేను ముందే తీస్తే భూమి దక్కుతుండె. నువ్వు దక్కకపోదువు" అన్నారాయన.

మర్నాడు నిర్లక్ష్యానికి నాకు మెమో వచ్చింది. కింద సంతకం ఆయనదే. మెమో చేతికిచ్చి, చాయ్ తాగిస్తానని తీసుకెళ్లారు. అలాంటి అధికారి దొరికితే వదులుకోకండి. తిట్టినా సరే.

రంగు లేని పని

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ నేను ఇంకో తప్పు చేశాను, అదీ ఇంకా పెద్దది.

ఊదా తీసేశాం, సరే. ఏ రంగు వేయాలి? డ్రాఫ్ట్స్‌మన్ అడిగాడు. లేత ఆకుపచ్చ సాగుభూమికి. అక్కడ నాగలి దిగదు. ముదురాకుపచ్చ పార్కులకూ, ఖాళీగా ఉంచే పచ్చని జాగాలకూ. పశువుల మేతకంటూ మా పట్టికలో రంగే లేదు. "ముదురు వేసెయ్, ఇక ఎవరూ ముట్టుకోరు" అన్నాను. గొప్ప మేలు చేశాననుకున్నాను. మల్లవ్వను ఒక్క మాట అడిగానా? లేదు. మళ్లీ అదే జబ్బు.

ఏళ్లు గడిచాయి. సాబు రిటైరయ్యారు, ఆయన కుర్చీలోకి నేను వచ్చాను. డెబ్బయ్యో దశకం చివర్లో ఒకరోజు మల్లవ్వ మా ఆఫీసుకు వచ్చింది. బీరయ్య పోయాడట. జుట్టు నెరిసింది. నన్ను చూసి నవ్వింది.

"సారూ, నువ్వు రాసిందే నిజమాయె. కంచకు కంచె వచ్చింది."

పచ్చని జాగాను కాపాడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చి మిట్ట చుట్టూ రాతి కడీలు పాతి ముళ్లతీగ కట్టారు. గొర్రెలను లోపలికి పోనివ్వడం లేదు. ఎవరు ఆపారో చూద్దామని నిబంధనల పుస్తకం తెరిచాను. "పచ్చని జాగాలలోకి పశువులకు ప్రవేశం లేదు." ఆ వాక్యం ఎక్కడినుంచో ఎత్తి ఆ పుస్తకంలో రాసింది నేనే. ఏదో పార్కును మనసులో పెట్టుకుని రాశాను. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను.

కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీ రంగుల పట్టికలో ఏ పనికి రంగు లేదో ఆ పని చేసుకుని బతికేవాళ్లు మీ నగరంలో ఉండరు. మీరు వాళ్లను వెళ్లగొట్టక్కర్లేదు. రంగు ఇవ్వకపోతే చాలు. అక్కడ మనుషులు ఏం చేసుకుంటున్నారో తెలియనప్పుడే మనం ఖాళీ అని రాస్తాం.

దర్వాజ

పట్టికలో కొత్త రంగు చేర్చడానికి నాకు అధికారం లేదు. నిబంధన కింద ఒక చిన్న వాక్యం చేర్చమని మాత్రం అడగగలను. "ఊరి పశువుల మేత ఆనవాయితీగా ఉన్న చోట ఈ నిషేధం వర్తించదు. వాటికి దారి వదలాలి." ఆ ఒక్క ముక్కకు దాదాపు ఏడాది తిరిగాను. గొర్రెల కోసం ప్లాన్ మారుస్తారా అని వెక్కిరించారు. నన్ను గొర్రెల సారన్నారు కూడా. అననీ. చివరికి ఒప్పుకున్నారు. ముళ్లతీగ మధ్యలో, గొర్రెల మంద పట్టేంత వెడల్పున ఇనప తలుపు పెట్టారు.

తలుపు తెరిచిన రోజు వెళ్లాను. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి పోతున్నాయి. మల్లవ్వ తలుపు మీద చెయ్యి వేసి గట్టిగా ఊపి చూసింది.

"ఎన్ని దినాలుంటది సారూ గీ దర్వాజ?"

"ప్లాన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది మల్లవ్వా."

"ప్లాన్ ఎన్ని దినాలుంటది?"

"ఇరవై ఏళ్లు" అన్నాను. పుస్తకంలో అలాగే ఉంది. మధ్యలో ఏ ఉత్తర్వుతోనైనా మార్చేయొచ్చని నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. ఆమె ముఖం విప్పారింది.

"ఇరువై ఏండ్లా! సాలు సారూ. గంతకంటె ఎక్కువ నేనెక్కడుంట? నా తర్వాత మా ఇంట్ల గొర్లు కాసెటోళ్లు లేరు. గప్పుడు ఏమన్న కట్టుకోన్రి."

ఇరవై ఏళ్ల ప్లాన్ అని అంతకుముందు నేను వందసార్లు రాసి ఉంటాను. అది ఒక మనిషికి మిగిలిన బతుకంత ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఆ జాగా రంగు మార్చమని ఫైళ్లు వచ్చాయి. ఆపగలిగినవి ఆపాను, ఆపలేనివి ఏదో కొర్రీ వేసి ఆలస్యం చేశాను. ఆ విద్య కూడా ఈ ఉద్యోగంలోనే నేర్చుకున్నాను.

మల్లవ్వ ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. పోయేముందు రోజు కూడా గొర్రెలను ఆ తలుపులోంచి తోలుకెళ్లిందట. తలుపు ఆమె కన్నా రెండేళ్లు ఎక్కువ నిలిచింది.